దెబ్బ ఎవరి మీద పడుతోంది?

(మల్యాలలో ఉపాధ్యాయుల సంస్మరణ సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం)

ఈ ఉపన్యాసం ఏ ఒక్కరి పేరు మీదా ఏర్పాటైనది కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో బతుకంతా బడికే ఇచ్చి కన్నుమూసిన పంతుళ్లందరి జ్ఞాపకార్థం జరుగుతున్నది. అటువంటి సభలో పిల్లల్ని కొట్టే విషయం ఎత్తుకోవడం తగునా అని కొందరికి అనిపించవచ్చు. తగుననే నా నమ్మకం. ఆ పెద్దలను ఊళ్లు ఇప్పటికీ తలుచుకుంటున్నాయంటే వాళ్లు చెప్పిన చదువు వల్ల. ఊరికి తొలి ఉత్తరం రాసిపెట్టినవాళ్లు, తొలి ఉద్యోగిని తయారుచేసినవాళ్లు, ఆడపిల్లను బడికి పంపమని గడప గడపకూ తిరిగినవాళ్లు వాళ్లు. వాళ్ల చేతిలో బెత్తం కూడా ఉండేది, నిజమే. ఆ బెత్తం వల్లనే చదువు వచ్చిందని మనం చాలాకాలం నమ్మాం. గురువు మీది గౌరవాన్నీ బెత్తం మీది నమ్మకాన్నీ విడదీసి చూడటం గురువుకు చేసే అపచారం కాదు. ఆయన అసలు గొప్పతనం ఎక్కడుందో అప్పుడే తెలుస్తుంది.

బడిలో దండన గురించిన వాదన మన దగ్గర సాధారణంగా ఒకే దారిలో నడుస్తుంది. కొట్టకపోతే భయం ఉండదు, భయం లేకపోతే భక్తి ఉండదు, భక్తి లేకపోతే చదువు రాదు అని ఒక పక్షం అంటుంది. కొట్టడం క్రూరం, చట్టవిరుద్ధం అని రెండో పక్షం అంటుంది. దెబ్బ మంచిదా చెడ్డదా అన్న దగ్గరే ఇద్దరూ ఆగిపోతారు. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: దెబ్బ ఎవరి మీద పడుతోంది? తప్పు చేసినవాడి మీద పడుతుంటే దానిని శిక్ష అనవచ్చు, అది ఎక్కువా తక్కువా అని చర్చించుకోవచ్చు. తప్పుతో నిమిత్తం లేకుండా, తిరిగి మాట్లాడలేనివాడి మీదా అడిగే దిక్కు లేనివాడి మీదా పడుతుంటే మాత్రం దానికి శిక్ష అన్న పేరే చెల్లదు. మనకు దొరుకుతున్న సాక్ష్యాలన్నీ ఈ రెండోదాన్నే చూపుతున్నాయన్నది ఈ పూట నా వాదన. ఆ సాక్ష్యాలను ఒక్కొక్కటిగా మీ ముందు పెడతాను.

మొదటి సాక్ష్యం రెండు వందల ఏళ్ల నాటిది. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో తన పాలనలోని జిల్లాల్లో దేశీయ బడులు ఎన్ని ఉన్నాయో, ఎలా నడుస్తున్నాయో లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. తెలుగుకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన ఏ.డి. క్యాంప్‌బెల్ అప్పుడు బళ్లారి కలెక్టరు. 1823 ఆగస్టులో ఆయన పంపిన నివేదిక ప్రకారం ఆ జిల్లాలో 533 బడులు ఉండేవి. వాటిలో 226 తెలుగు బడులు. ఇసుకలో అక్షరాలు దిద్దించడం, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పడం వంటి పద్ధతులను ఆయన మెచ్చుకున్నాడు. అదే నివేదికలో శిక్షల సంగతీ రాశాడు. చదవని పిల్లవాడిని బెత్తంతో కొట్టేవారట, రెండు చేతులూ తాడుతో కట్టి పైకప్పుకు వేలాడదీసేవారట, ఆపకుండా గుంజీలు తీయించేవారట. మన పెద్దలు కోదండం అని చెప్పుకున్నది ఈ వేలాడదీయడాన్నే. పొద్దున బడికి వచ్చే వరసకు కూడా ఒక లెక్క ఉండేది. అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న చుట్టేవారు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవారికి ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ పోయేవి.

ఈ చివరి పద్ధతిని కాస్త నిదానంగా చూడండి. ముప్పై మంది పిల్లలున్న బడిలో అందరూ పొద్దు పొడవకముందే వచ్చినా ఎవరో ఒకరు ముప్పయ్యోవాడు కాక తప్పదు. అంటే ఆ దెబ్బలకు తప్పుతో పనే లేదు. వరసలో ఎవరు వెనకబడ్డారన్నదే లెక్క. ఎవరు వెనకబడి ఉంటారో ఊహించడం కష్టం కాదు. బడికి దగ్గరగా ఇల్లున్నవాడు, ఇంట్లో పనివాళ్లున్నవాడు ముందు వస్తాడు. పశువులకు గడ్డి వేసి, చెల్లెల్ని ఎత్తుకుని, తల్లికి సాయం చేసి బయలుదేరినవాడు ఆఖరున వస్తాడు. ఈ నివేదిక ఇంకో సంగతి కూడా తేలుస్తుంది. బడిలో దెబ్బను ఇంగ్లీషువాళ్లే మనకు అంటించారని కొందరు అంటారు. మన గురుకుల సంప్రదాయం దాన్ని పవిత్రం చేసిందని మరికొందరు అంటారు. నిజానికి అది మన వీధిబడుల్లో ముందే ఉంది, ఆ కాలంలో ఇంగ్లండులోనూ ఉంది. నిజాం రాజ్యంలోని ఖాన్గీ (ప్రైవేటు) బడుల నుంచి నేటి ఇంగ్లీషు మీడియం బడుల దాకా గుంజీలు, గోడకుర్చీ, తొడపాశం, మోకాళ్ల మీద నిలబెట్టడం, ఎండలో నిలబెట్టడం అనే జాబితా పెద్దగా మారలేదు. పాఠ్యపుస్తకాలు మారాయి, బోధనా భాష మారింది, ప్రభుత్వాలు మారాయి. ఇదొక్కటే మారకుండా నిలిచిందంటే దానికి ఏ ఒక్క సంస్కృతీ కారణం కాదు. పెద్దవాడికీ చిన్నవాడికీ మధ్య ఉన్న బలం తేడాయే కారణం.

రెండో సాక్ష్యం మన కాలానిది, మన నేల మీదిది. యంగ్ లైవ్స్ అనే అంతర్జాతీయ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి సుమారు 3,000 మంది పిల్లల జీవితాలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. గడిచిన వారం రోజుల్లో బడిలో సారో టీచరో మిమ్మల్ని కొట్టారా అన్నది ఆ పిల్లలను అడిగిన ప్రశ్నల్లో ఒకటి. మన దగ్గర ఎనిమిదేళ్ల పిల్లల్లో 78 శాతం కొట్టారని చెప్పారు. పదిహేనేళ్లవాళ్లలో అలా చెప్పినవారు 34 శాతం. మిగతా మూడు దేశాల్లోనూ ఇదే తీరు: పదిహేనేళ్లవాళ్లకన్నా ఎనిమిదేళ్లవాళ్లు రెట్టింపుకు పైగా దెబ్బలు తింటున్నారు. ఆడపిల్లలకన్నా మగపిల్లలు, కలిగినవారి పిల్లలకన్నా పేదింటి పిల్లలు ఎక్కువగా తింటున్నారని కూడా ఆ పరిశోధన తేల్చింది. బడి ఎందుకు నచ్చదు అని అడిగితే కొట్టడం, తిట్టడం, తోటి పిల్లల దౌర్జన్యం అన్న జవాబే అన్నిటికన్నా ముందు వచ్చింది. మన పిల్లల్లో నాలుగోవంతుకు పైగా ఆ మాటే చెప్పారు.

క్రమశిక్షణ కోసమే కొడుతున్నామంటే ఈ అంకెలు తలకిందులుగా ఉండాలి. ఉపాధ్యాయులకు నిజంగా సవాలుగా నిలిచేది పదిహేనేళ్ల వయసు. ఎదురు చెప్పేది, బడి ఎగ్గొట్టేది, తగవుకు దిగేది, చెప్పిన మాట వినబోనని తెగేసి చెప్పేది ఆ వయసువాళ్లే. ఎనిమిదేళ్ల పిల్లవాడు చేసే నేరాలేమిటి? ఎక్కం మరిచిపోవడం, పలక పగలగొట్టడం, పక్కవాడితో మాట్లాడటం, హోంవర్కు చేయకపోవడం. పెద్ద తప్పులు చేయగల వయసులో దెబ్బలు సగానికి తగ్గిపోయి, తప్పంటే ఏమిటో సరిగా తెలియని వయసులో నూటికి డెబ్బై ఎనిమిది మందికి పడుతున్నాయి. చిన్నప్పుడు కొట్టడం వల్లనే పెద్దయ్యాక బాగుపడ్డారు, అందుకే అంకె తగ్గిందని ఎవరైనా అనవచ్చు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత కూడా గుర్తు చేయవచ్చు. అదే నిజమైతే పేదింటి పిల్లలకు ఎక్కువ, కలిగినింటి పిల్లలకు తక్కువ ఎందుకు పడాలి? అల్లరికి ఆదాయంతో సంబంధం లేదు. కలిగినవారి పిల్లవాడి తండ్రి మర్నాడు బడికి వచ్చి అడుగుతాడు, పదిహేనేళ్లవాడు చెయ్యి పట్టుకుని ఆపగలడు. ఎనిమిదేళ్ల కూలివారి బిడ్డ ఈ రెండింటిలో ఏదీ చేయలేడు. వయసు తేడా, ఆదాయం తేడా రెండూ ఒకే మాట చెబుతున్నాయి కనుకనే ఆ మాటను నమ్మవలసి వస్తున్నది.

ఇది కొన్ని బడులకో కొందరు కోపిష్టి మాస్టర్లకో పరిమితమైన సంగతి అనుకోవడానికీ వీలు లేదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో జరిపించిన అధ్యయనంలో బడికి వెళ్లే ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక దండన అనుభవించామని చెప్పారు. పిల్లల మీద అన్ని రకాల హింసా ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటని ఆ నివేదిక పేర్కొంది. 2009-10లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లలను అడిగితే ఏ రకమైన శిక్షా పడలేదని చెప్పినవాళ్లు తొమ్మిది మంది మాత్రమే. బెత్తంతో కొట్టారని నాలుగింట మూడు వంతుల మంది చెప్పారు. నీకు చదువు రాదు పో అన్న అర్థం వచ్చే మాటలు పడ్డామని నూటికి ఎనభై మందికి పైగా చెప్పారు. ఈ ఆఖరి అంకెను తేలిగ్గా దాటేయకూడదు. దెబ్బ వాపు రెండు రోజుల్లో తగ్గుతుంది. నువ్వు పనికిరావన్న మాటను ఎనిమిదేళ్ల పిల్లవాడు పరీక్షించి చూడలేడు. చెప్పింది సారు కాబట్టి నిజమే అనుకుంటాడు.

చట్టం సంగతికి వస్తే ఈ విషయంలో తెలుగు నేల వెనకబడి లేదు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992 డిసెంబరులో చేరింది. బెత్తం దెబ్బలకు అనుమతిచ్చిన ఢిల్లీ విద్యా నియమాన్ని 2000 డిసెంబరు 1న ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. ఆ తర్వాత పద్నాలుగు నెలలకే, 2002 ఫిబ్రవరి 18న, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 16 ద్వారా 1966 నాటి విద్యా నియమాల్లోని 122వ నియమాన్ని సవరించి అన్ని విద్యాసంస్థల్లోనూ శారీరక దండనను నిషేధించింది. దేశమంతటికీ వర్తించే విద్యాహక్కు చట్టం వచ్చింది 2009లో. ఆ చట్టంలోని 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. అంటే పార్లమెంటుకన్నా ఏడేళ్లు ముందే మన ఉమ్మడి రాష్ట్రం బెత్తం వద్దంది. ఆ జీవో వచ్చిన తర్వాత పెరిగిన పిల్లలే యంగ్ లైవ్స్ పరిశోధకులకు దెబ్బల సంగతి చెప్పినవాళ్లు. ఇతర దేశాల్లోనూ ఇంతే. జపాన్ 1947 నాటి విద్యా చట్టంలోనే దీన్ని నిషేధించినా అక్కడి బడుల్లో, ముఖ్యంగా ఆటల శిక్షణలో, దశాబ్దాల పాటు అది కొనసాగింది. బ్రిటన్ పార్లమెంటు 1986లో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వ బడుల్లో బెత్తాన్ని రద్దు చేసింది. ఇంగ్లండు ప్రైవేటు బడులకు ఆ రద్దు అందడానికి మరో పన్నెండేళ్లకు పైగా పట్టింది. చట్టం అవసరమే కానీ అదొక్కటే చాలదని ఈ దేశాల అనుభవమూ చెబుతున్నది.

ఎందుకు చాలదు? బడిలో బెత్తం ఒక పని చేస్తోంది కాబట్టి. ఆ పనిని ఇంకొకరు చేపట్టనంత కాలం బెత్తం ఏదో ఒక రూపంలో తిరిగి వస్తూనే ఉంటుంది. ఒక్క టీచరే మూడు నాలుగు తరగతులు చూసుకునే బడిని తీసుకోండి. ఒక వరసకు కూడిక చెబుతుంటే మిగతా మూడు వరసలు ఊరకే కూర్చోవాలి. చిన్న పిల్లలు ఊరకే కూర్చోలేరు. అక్కడ లేని టీచర్ల స్థానంలో బెత్తం కాపలా కాస్తున్నది. హోంవర్కు చేయలేదని దెబ్బ తిన్న పిల్లవాడిని తీసుకోండి. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే ప్రకారం 2022లో దేశంలోని గ్రామీణ ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు సుమారు 43 శాతమే. తక్కిన సగానికి పైగా పిల్లలకు ఐదో తరగతి హోంవర్కు చదివి అర్థం చేసుకునే శక్తే లేదు. చదవలేనివాడు చేయలేదు, చేయలేదు కాబట్టి దెబ్బ తిన్నాడు. చదవడం నేర్పని నాలుగేళ్ల లోపం పిల్లవాడి బద్ధకంగా లెక్కలోకెక్కింది. దెబ్బ ఆ లోపాన్ని సరిదిద్దలేదు, పైగా కనపడకుండా కప్పేసింది. బడి చేయవలసిన పని చేయలేకపోయిన చోట ఆ బాకీని పిల్లవాడి ఒంటి మీద వసూలు చేస్తున్నాం.

ఈ ప్రాంతంలో ఆ బాకీ ఎవరి ఖాతాలో పడుతుందో ఈ సభకు వేరే చెప్పనక్కరలేదు. సిరిసిల్లలో మరమగ్గాల మీద రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పొద్దున బిడ్డ నోటుబుక్కు తిరగేయలేడు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు తల్లులు ఇంటి పని, బీడీల పని ఒక్క చేతి మీద నడిపిస్తారు. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటే పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించే మనిషి ఇంట్లో ఉండడు. ఆ ఇళ్లలో బడికి వెళ్లిన తొలి తరం పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు హోంవర్కు చేయకుండా వచ్చే అవకాశం ఎక్కువ, యూనిఫాం నలిగి ఉండే అవకాశం ఎక్కువ, ఆలస్యంగా వచ్చే అవకాశం ఎక్కువ. బళ్లారి బడిలో ఆఖరున వచ్చినవాడు ఎవడై ఉంటాడని అనుకున్నామో వీళ్లూ వాళ్లే. ఇక ఊళ్లకు దూరంగా హాస్టళ్లలో, గురుకులాల్లో చదివే పిల్లలున్నారు. 1971లో పి.వి. నరసింహారావు హయాంలో సర్వేల్‌లో మొదలైన గురుకుల ఆలోచన ఎందరో పేద పిల్లలకు దారి చూపింది. ఆ మేలును ఎవరూ కాదనలేరు. అయితే ఇంటి నుంచి వచ్చే పిల్లవాడు సాయంత్రం అమ్మకు చెప్పుకుంటాడు, హాస్టల్లో ఉన్న బిడ్డకు ఆ సాయంత్రం లేదు. అందుకే అక్కడ కాపుదల రెట్టింపు ఉండాలి.

ఇప్పుడు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. అందరూ అనే మొదటి మాట: మేమూ దెబ్బలు తిన్నాం, బాగుపడ్డాం, ఆ సార్లకు ఇప్పటికీ మొక్కుతాం. ఈ మాటలో కృతజ్ఞత ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఈ సాక్ష్యం చెప్పేవాళ్లెవరో చూడండి. బడిలో నిలబడి, పరీక్షలు దాటి, కొలువు చేసి వేదిక ఎక్కినవాళ్లు చెబుతున్నారు. మూడో తరగతిలోనో ఐదో తరగతిలోనో బడి మానేసినవాళ్లు ఏ సన్మాన సభలోనూ మాట్లాడరు. నిలిచినవాళ్లనే లెక్కపెట్టి పద్ధతి మంచిదంటే పోయినవాళ్ల లెక్క ఎవరు చూడాలి? ఆ లెక్క చూసినవారు తెలుగు నేల మీదే ఉన్నారు. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990ల నుంచి పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో చేర్చి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి బడిలో కూర్చోబెట్టింది. పేదవాళ్లకు చదువు అక్కరలేదన్న అపవాదును ఆ పని పూర్వపక్షం చేసింది. తల్లిదండ్రులు చదువు కోరుతున్నారనీ, పిల్లలు నేర్వగలరనీ, వాళ్లను నిలుపుకునే తీరు బడే నేర్చుకోవాలనీ చూపింది. 2003లో మెగసెసే పురస్కారం అందుకున్న శాంతా సిన్హాయే తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. దండన నిర్మూలనకు 2012లో మార్గదర్శకాలు వచ్చింది ఆ కమిషన్ నుంచే.

రెండో అభ్యంతరం: గొడ్డును బాదినట్టు బాదమని ఎవరూ అనరు, ప్రేమతో ఒక చిన్న దెబ్బ వేస్తే తప్పేమిటి? దీనికి గాంధీజీ అనుభవం మంచి జవాబు. దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫారంలో ఎంత చెప్పినా వినని ఒక యువకుడిని ఆయన ఒకసారి రూళ్లకర్రతో కొట్టారు. ఆ కుర్రవాడు ఏడ్చి క్షమాపణ అడిగాడు, మళ్లీ ఎదురు చెప్పలేదు. దెబ్బ పనిచేసిందని చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. కానీ గాంధీజీ అలా చెప్పుకోలేదు. తన కోపం, దండించాలన్న కోరిక ఆ దెబ్బలో ఉన్నాయి కాబట్టి అది తగని పనేనేమో అని ఆత్మకథలో రాసుకున్నారు, మళ్లీ ఆ దారి తొక్కలేదు. ఆ కుర్రవాడికి పదిహేడేళ్లు, దృఢమైనవాడు, తలచుకుంటే తిరిగి కొట్టగలవాడు అని కూడా ఆయనే రాశారు. తిరిగి కొట్టగలవాడిని ఒక్కసారి కొట్టినందుకే గాంధీజీ అంత మథనపడ్డారు. తిరిగి కొట్టలేని ఎనిమిదేళ్ల పిల్లవాడి మీద వారం వారం పడే చిన్న దెబ్బను ప్రేమ అని ఎలా సమర్థిస్తాం?

పరిశోధనలు కూడా చిన్న దెబ్బ పక్షాన లేవు. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 2016లో 75 అధ్యయనాలను, సుమారు 1,60,000 మంది పిల్లల వివరాలను కలిపి చూశారు. వాళ్లు పరిశీలించింది ఇంట్లో తల్లిదండ్రులు కొట్టే మామూలు దెబ్బలను. దాంతో మేలు కనిపించలేదు. మొండితనం, దూకుడు, దిగులు, వెనకబాటు కలిసి కనిపించాయి. అల్లరివాళ్లే ఎక్కువ దెబ్బలు తింటారు కదా, ఏది కారణం, ఏది ఫలితం అని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. 2011లో వెలువడిన పశ్చిమాఫ్రికా అధ్యయనం ఒకటి దానికి కొంత జవాబిస్తుంది. ఒకే రకం ఇళ్ల పిల్లలు చదివే రెండు ప్రైవేటు బడుల్లో ఒకదాంట్లో దెబ్బలు నిత్యకృత్యం, రెండోదాంట్లో లేవు. రెండు బడుల కిండర్‌గార్టెన్ పిల్లల మధ్య తేడా కనిపించలేదు. ఒకటో తరగతి పిల్లల్లో మాత్రం మనసు నిలిపి ఆలోచించే పనుల్లో దెబ్బలు లేని బడి పిల్లలు ముందున్నారు. అది చిన్న అధ్యయనమే. అయినా దెబ్బ వల్ల తెలివి పెరిగిందని చూపే సాక్ష్యం అవతలి పక్షం దగ్గర చిన్నది కూడా లేదు.

మూడో అభ్యంతరం తల్లిదండ్రుల వైపు నుంచి వస్తుంది. ‘రెండు దెబ్బలేసైనా మంచిగ చదివియ్యుండ్రి సార్’ అని వాళ్లే అంటున్నారు కదా? పన్నెండేళ్ల లోపు బిడ్డ మేలు కోసం సంరక్షకుల సమ్మతితో, సద్భావంతో చేసిన పని నేరం కాదని పాత శిక్షాస్మృతి 89వ సెక్షన్ చెప్పింది. దాని చాటున కొందరు ఉపాధ్యాయులు కేసుల నుంచి బయటపడ్డారు. 2024 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త న్యాయసంహితలోనూ ఆ మినహాయింపు ఉంది. కానీ విద్యాహక్కు చట్టం ప్రకారం కొట్టించుకోకుండా చదువుకోవడం పిల్లవాడి హక్కు. అది తండ్రి రాసిచ్చే ఆస్తి కాదు. అంతకన్నా ముఖ్యం, ఆ తల్లి మాటలో ఉన్న కోరికను అర్థం చేసుకోవాలి. ఆమె అడుగుతున్నది దెబ్బలు కాదు, చదువు. నా బిడ్డ బీడీల గంప ముందు కూర్చోవద్దు, ఎడారిలో కూలికి పోవద్దు, ఎట్లయినా సరే గట్టెక్కించండి అని వేడుకుంటున్నది. బడిలో ఇంకో దారి ఉందని ఆమెకు ఎవరూ చూపలేదు కాబట్టి తనకు తెలిసిన దారి చెబుతున్నది. ఆమె కోరిక తీర్చడం మన బాధ్యత. ఆమె చెప్పిన సాధనాన్ని వాడటం మన బాధ్యత కాదు.

నాలుగో అభ్యంతరం ఉపాధ్యాయులది. నేను అన్నిటికన్నా ఎక్కువ గౌరవంతో వినవలసింది కూడా దాన్నే. బెత్తం తీసేశారు, ఫెయిలు చేయవద్దన్నారు, ఫలితాలు మాత్రం మమ్మల్నే అడుగుతారు. గట్టిగా మాట్లాడితే ఫోనులో వీడియో తీస్తారు, చిన్న మాటకే కేసు పెడతారు. మేమేం చేయాలి? ఈ బాధలో నిజం ఉంది. ప్రాథమిక బడిలో ముప్పై మందికి ఒకరు, ప్రాథమికోన్నత స్థాయిలో ముప్పై ఐదుగురికి ఒకరు ఉండాలని చెప్పిన చట్టమే కొట్టవద్దని చెప్పింది. జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప వేరే పనులు టీచర్లకు అప్పగించవద్దని 27వ సెక్షన్‌లో చెప్పింది కూడా అదే చట్టం. ఈ రెండు హామీలు నిలబెట్టుకోకుండా 17వ సెక్షన్ ఒక్కటే పట్టుకుని ఉపాధ్యాయుడిని నిలదీసే అధికారికి నైతిక బలం ఉండదు. ఫిర్యాదు వస్తే ఇరుపక్షాలనూ విని, గడువులోగా తేల్చే విచారణ ఉండాలి. అబద్ధపు ఫిర్యాదు నుంచి టీచరుకు రక్షణ ఉండాలి. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ పై నుంచి తన మీద పడిన ఒత్తిడిని కింద ఉన్న పిల్లవాడి వీపు మీదికి దించుకునే హక్కు దీనివల్ల రాదు. అధికారి ముందు ఉపాధ్యాయుడు ఏ మర్యాద కోరుకుంటాడో ఉపాధ్యాయుడి ముందు పిల్లవాడికీ అదే మర్యాద కావాలి. ఆ రెండు మర్యాదలూ కలిసే గెలుస్తాయి, కలిసే ఓడతాయి.

కొట్టకూడదంటే క్రమశిక్షణే వద్దని కాదు. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా నూరేళ్ల కిందటే బాలమందిరంలో దెబ్బలు లేకుండా చదువు చెప్పి చూపారు. ఆయన పుస్తకం ‘పగటి కల’గా తెలుగు ఉపాధ్యాయులకు పరిచయమైనదే. కథలు, ఆటలు, శుభ్రత, పిల్లలే పెట్టుకున్న నియమాలు ఆ బడిని నడిపాయి. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని కాక ఏ మెట్టు మీద ఉన్నాడో చూసి అక్కడి నుంచి నేర్పమంటుంది. దండనకు విరుగుడు అసలు అక్కడే ఉంది. చదవగలిగిన పిల్లవాడు హోంవర్కు ఎగ్గొట్టడానికి కారణం తగ్గుతుంది, చేతినిండా పని ఉన్న తరగతిలో అల్లరికి తావు తగ్గుతుంది. తప్పు చేసిన పిల్లవాడు ఆ తప్పును తానే సరిచేయాలి: పగలగొట్టినదాన్ని బాగుచేయాలి, ఏడిపించిన స్నేహితుడికి జవాబు చెప్పాలి, పోయిన పాఠాన్ని సాయంత్రం ఉండి నేర్చుకోవాలి. ఇవి బెత్తంకన్నా మెత్తనివేమీ కావు. బెత్తం దెబ్బ అరక్షణంలో అయిపోతుంది, ఆ తర్వాత పిల్లవాడు ఎవరికీ బాకీ ఉండడు. తప్పును సరిదిద్దడానికి మాత్రం ఓపిక, సమయం, బాధ్యత పెట్టాలి. ఆ కష్టం పిల్లవాడూ పడాలి, ఉపాధ్యాయుడూ పడాలి.

కాబట్టి ఈ సభ నుంచి నేను కోరేవి చేయగలిగిన పనులే. జాతీయ కమిషన్ 2012 మార్గదర్శకాలు ప్రతి బడిలోనూ దండన మీద నిఘా ఉంచే బృందం ఉండాలన్నాయి. మల్యాల మండలంలోని ప్రతి బడిలో, ప్రభుత్వ బడైనా ప్రైవేటు బడైనా హాస్టలైనా, ఆ బృందాన్ని తల్లులతో కలిపి ఏర్పాటు చేయండి. పిల్లలు భయం లేకుండా చెప్పుకునే పెట్టె పెట్టండి, 1098 నంబరును అందరికీ కనిపించేలా గోడ మీద రాయండి. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల గురించి మాట్లాడినట్టే ఈ సంగతి కూడా మాట్లాడండి, కొట్టమని మేము అడగం అని తీర్మానం చేయండి. ఉపాధ్యాయ సంఘాలు జీతాలు, బదిలీల కోసం ఎంత పట్టుదలగా నిలబడతాయో తరగతికి తగినంత మంది టీచర్ల కోసం, చదువు వెనకబడిన పిల్లలకు ప్రత్యేక సమయం కోసం అంతే పట్టుదలగా నిలబడాలి. ఏ బడిలోనైనా దెబ్బ పడితే మొదట అడగవలసింది, పిల్లవాడు ఏం తప్పు చేశాడని కాదు. ఆ వేళ బడి ఏ పని చేయలేకపోయిందని అడగాలి. ఆ ప్రశ్న అడగడం అలవాటైతే కారణాలు బయటపడతాయి, కారణాలు బయటపడితే బెత్తానికి చేయడానికి పని మిగలదు. ఈ నేల మీద అక్షరాన్ని నిలబెట్టిన పంతుళ్లకు మనం బాకీ ఉన్నది ఈ పనే. వాళ్లు పిల్లలను బడిదాకా తెచ్చారు. ఒక్క బిడ్డ కూడా భయంతో వెనక్కి తిరిగి పోకుండా చూసుకోవడం మన వంతు.